ఊపిరి ఇడువు బాపూ

మా బాపు మణికట్టు నా చేతిలో ఉంది, పడవ లంగరు తాడు ఆయన చేతిలో ఉంది, మా ఇద్దరి తలల మీదుగా ఫుజైరా సముద్రం మూసుకుంది, ఇక పైన ఎవడేమన్నా నాకు వినపడదు. ఈ క్షణమంటే నాకు ప్రాణం. ఇంజను చప్పుడు, ఖాదర్ భాయ్ కేకలు, నెత్తి మీది ఎండ, ఎవరిదో ఆగకుండా మోగే ఫోను, అన్నీ ఒక్క దెబ్బకు తెగిపోయి, గరగరమని పీల్చే గాలీ బుడబుడమని వదిలే గాలీ మాత్రం మిగులుతాయి. నా బుడగల చప్పుడు నాకు వినపడుతోంది. బాపువి వినపడటం లేదు. ముఖానికి పెట్టుకున్న అద్దం కింద ఆయన బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి, కళ్లు నన్నే చూస్తున్నాయి. ఊపిరి ఇడువు బాపూ. నోట్లో గాలి గొట్టం పెట్టుకుని, వీపు మీద సిలిండర్ నిండా గాలి మోసుకుంటూ, ఊపిరి బిగబట్టుకున్న మనిషిని ఏమనాలి? నా పెదవుల దగ్గర నుంచి వేళ్లు ముందుకు విదిలించి చూపించాను, ఇట్లా, బయటికి. ఆయన ఒక్కసారి బుస్సుమని వదిలాడు, వదిలి, చాలా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. చాలదు. ఇది ఒకసారి చేసి చూపించి తప్పించుకునే పని కాదు, గడప మీద కూర్చుని బీడీ తాగేటప్పుడు ఎట్లా తీస్తావో అట్లా తీస్తూనే ఉండాలి. సరే, నేనున్నాను కదా. ఆయన మరిచిపోయినప్పుడల్లా గుర్తు చేస్తాను. నా పనే అది, ఈ తీరంలో ఆ పని నాకంటే బాగా చేసేవాడుంటే తీసుకురండి చూద్దాం.

ఊపిరి పట్టడంలో మా బాపుకు పెద్ద పేరు. కోరుట్ల చుట్టుపక్కల హన్మాండ్లు అంటే, వ్యవసాయ బావి గట్టు మీది నుంచి తలకిందులుగా దూకి, అడుగు ముట్టి, పిడికెడు మన్ను పట్టుకొచ్చే హన్మాండ్లు అనేవాళ్లు. మా వైపు ఈత వచ్చిందనడానికి అదే రుజువు. ఎంతసేపు ఈదితే ఏం లాభం, అడుగు మన్ను తెచ్చి గట్టు మీదున్న వాళ్లకు పిడికిలి విప్పి చూపించాలి, అప్పుడే నువ్వు ఈతగాడివి. నాకు ఈత నేర్పింది కూడా ఆయనే. నేను బడికి పోవడం మొదలుపెట్టిన కొత్తలో, నడుముకు తాడు కట్టి, తాడు కొస తన చేతికి చుట్టుకుని, మాటల్లో పెట్టి బావిలోకి తోసేశాడు. మునిగి తేలి ఏడుస్తుంటే పైనుంచి ఒకటే మాట. ఊపిరి పట్టు కొడుకా, ఊపిరి పోతే పానం పోతది. ఆ మాట నా ఎముకల్లోకి పోయింది. సిలిండర్ వేసుకుని మొదటిసారి ఈ సముద్రంలో దిగినప్పుడు నేనూ ఇట్లాగే పట్టాను, ఆ అలవాటు వదిలించుకోవడానికి నాకే నెల పట్టింది, ఇక ఆయనకు ఒక్క పొద్దులో ఎట్లా పోతుంది? పోదు. అందుకే మణికట్టు వదలను.

తాడు వెంట కిందికి, ఇంకొంచెం కిందికి. చెవులు నొప్పి పుడితే ముక్కు మూసుకుని చీదమన్నాను కదా, చీదు. అది మాత్రం ఆయనకు బాగా వచ్చింది, బావిలో అదే చేసేవాడట. నీళ్లు ఇవాళ తేటగా ఉన్నాయి. ఈ రోజు తేటగా ఉండాలని వారం రోజులుగా ఎంతమంది దేవుళ్లకు మొక్కానో నాకే తెలియదు. అడుగు కనిపిస్తోంది, రాతి దిబ్బ కనిపిస్తోంది, బాపు మాత్రం కిందికి చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. బాపు నీళ్లలోకి దిగి ఇరవై ఏళ్లు దాటింది. రాజమౌళి కాక, అంటే ఆయన తమ్ముడు, మోటారు పైపు కింద చెత్త ఇరుక్కుంటే తీయడానికి అదే బావిలో మునిగాడు, మళ్లీ పైకి రాలేదు. బాపు దూకి బయటికి తెచ్చాడు, తెచ్చేసరికి అయిపోయింది. నన్ను అటు పోనివ్వలేదు, అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్లో వేసి తలుపు గడియ పెట్టింది, వాకిట్లో ఏడుపు మాత్రం వినపడింది. ఆ ఏడే బాపు దుబాయ్ విమానం ఎక్కాడు. సముద్రం పక్కన మేడలకు ఇనుము కట్టాడు, ముప్పయ్యో అంతస్తు మీద నిలబడి రోజూ నీళ్లను చూశాడు, అల్ వర్సాన్ క్యాంపుకు తిరిగి వచ్చి పడుకున్నాడు, అంతే. ఎన్ని శుక్రవారాలు పోయినా బీచ్‌లో కాలు తడపలేదు.

ఇప్పుడు ఆయన వీసా ఖలాస్ చేసుకుని వచ్చే వారం ఇంటికి పోతున్నాడు, ఇక తిరిగి రాడు. పోతూ పోతూ నన్ను కూడా తీసుకుపోవాలని పట్టు పట్టాడు. నీళ్లు మన ఇంటికి అచ్చిరాలే, నా ఎంబడి నడువు, ఎండల ఇనుము మోద్దువు గని నీళ్లల్ల వద్దు. ఫోన్లో ప్రతి రాత్రీ ఇదే పాట. చివరికి నేనే అన్నాను, ఒక్కసారి వచ్చి దిగి చూడు బాపూ, చూసి చెప్పు. ఆయన అన్నాడు, దిగుత, నా మనసుకు పట్టకపోతే మాత్రం రెండు టికెట్లు తియ్యాలె, మల్ల మాట లేదు. సరేనన్నాను. నాకు ముప్పై దాటాయి, నా సంపాదన నాది, కాదని ఇక్కడే ఉండిపోవచ్చు. కానీ ఆయన అక్కడ ప్రతి పొద్దూ భయపడుతూ కూర్చుంటే, ఆ సంగతి తెలిసి నేను ఇక్కడ నీళ్లలో దూకలేను. నాకు ఆయన ఒప్పుకోవాలి. మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఈ ఒక్క మునకలో ఆ పని కావాలి, అవుతుంది, ఎందుకు కాదు?

ఇసుక తగిలింది. మోకాళ్ల మీద కూర్చోబెట్టాను. ఇద్దరు మనుషుల లోతు, అంతకంటే కొంచెం ఎక్కువ. మా ఊరి బావి దీనికి రెండింతలు ఉంటుంది, ఆ మాట పడవ మీదే అన్నాడు, ఇంతేనా అని. ఆయన ముక్కు దగ్గర నీళ్లు చేరుతున్నాయి, మీసం వల్ల. పొద్దున్నే చెప్పాను, మీసం ఉంటే అద్దం ముఖానికి అతుక్కోదు, కారుతుంది, తీసేయమని. ఆయన చూసిన చూపుకు నోరు మూసుకుని వేజలీను డబ్బా ఇచ్చాను. నాదీ అదే బాధ. తండ్రి బతికి ఉండగా మీసం తీయకూడదు మా వైపు, తీస్తే ఊళ్లో వాళ్లు ఎవరు పోయారని అడుగుతారు. ఇక్కడికి వచ్చే రష్యా వాళ్లూ ఫిలిప్పీన్స్ వాళ్లూ నున్నటి ముఖాలతో దూకుతారు, నేను మాత్రం మూతికి వేజలీను పూసుకుని, మధ్య మధ్య ముక్కుతో గాలి ఊది అద్దంలోని నీళ్లు బయటికి కొట్టుకుంటూ, ఇన్ని వందల సార్లు దిగాను. నాకది కష్టమనిపించదు. నీళ్లు వస్తాయి, ఊదుతాను, పోతాయి. బాపుకు ఊదడం చూపించాను, ఆయన తల పైకెత్తి చీదాడు, నీళ్లు పోయాయి. భలే. పిల్లగాడిలా తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి గెలుస్తున్నాను అనుకున్నాను.

ఈ సముద్రానికి నేను వలచి రాలేదు, కరోనా తోసింది. బాపు క్యాంపులోనే, బాపు సైటులోనే ఇనుము మోసేవాణ్ని, సైటు మూతపడింది, ముదీర్, అంటే మేనేజరు, ముఖం చాటేశాడు, ఎవరో చెబితే దుబాయ్ నుంచి ఈ ఫుజైరా వచ్చి పడవ కడిగే పనిలో చేరాను. పడవ నడిపే ఖాదర్ హుస్సేన్‌ది నెల్లూరు. తెలుగు వాణ్ని చూసి ముందు తిండి పెట్టాడు, తర్వాత సిలిండర్లలో గాలి నింపడం నేర్పాడు, ఒక మధ్యాహ్నం టూరిస్టులెవరూ లేనప్పుడు, దిగుతావా అబ్బాయా అన్నాడు. దిగాను. పైకి వచ్చాక ఖాదర్ భాయ్ అడిగాడు, మళ్లా ఎప్పుడు దిగుతావని, నేను ఇప్పుడే అన్నాను. అంతే కథ. ఇంగ్లీషు రాని వాడివి డైవింగ్ పరీక్షలేం రాస్తావన్నారు, రాశాను. ఎండకు కమిలిన నల్లటి వాణ్ని చూసి టూరిస్టులు వేరే టీచరు లేడా అని అడిగేవాళ్లు, ఇప్పుడు ఫోను చేసి నరేశ్ ఉన్నాడా అని అడుగుతున్నారు. గతేడు ఇన్‌స్ట్రక్టర్‌నయ్యాను. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా, చెప్పుకుంటాను, నీళ్లలో పని దొరికాక నేను ఎవరికీ తల వంచలేదు, ఇనుము మోసేటప్పుడు పైకి ఎత్తిందీ లేదు.

దిబ్బ అంచు వెంట నడిపిస్తున్నాను, నడక కాదు, తేలుతూ. బాపు మొదట చేతులు కొట్టుకున్నాడు, బావిలో ఈదినట్టు, నేను ఆయన చేతులు పట్టి పొట్ట మీద కట్టించాను, కాళ్లు చాలు. పగడాలు వచ్చాయి. ఆయన వేలికి ఎప్పుడో అయ్యగారు కుజదోషానికని పెట్టించిన పగడపు ఉంగరం ఉంది, ఎర్రగా, బఠాణీ గింజంత. దాన్ని చూపించి దిబ్బను చూపించాను, ఇది అదే బాపూ, దాని చుట్టమే, ఇది బతికున్నది. ఆయన ఉంగరాన్ని చూశాడు, దిబ్బను చూశాడు, నమ్మలేదు. ఎట్లా నమ్ముతాడు, గోధుమరంగులో గోబీ పువ్వుల్లా పెరిగి, కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుని, మధ్యలో ఊదారంగు పుట్టగొడుగులు. ముట్టుకోబోయాడు, చెయ్యి పట్టి ఆపాను, ముట్టొద్దు, చచ్చిపోతాయి. చిలక చేప ఒకటి వచ్చి రాయిని కొరుకుతోంది, టకటకమని పళ్ల చప్పుడు మాకు వినపడుతోంది, బాపు చెవి దగ్గర వేలు ఆడించి నాకు సైగ చేశాడు, వినపడుతోందా అని. వినపడుతోంది బాపూ. నేను రోజూ వింటాను. ఇది నా ఆఫీసు. తాబేలు ఒకటి దిబ్బ కింద పడుకుని ఉంది, అదెక్కడుంటుందో నాకు తెలుసు, కావాలనే అటు తిప్పాను. అది లేచి మా ఇద్దరి మధ్య నుంచి తాపీగా పోయింది, ఆయన రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఆయన బుడగలు ఇప్పుడు వరసగా పోతున్నాయి, నేను ఒకదాని వెనక ఒకటి చూసుకుంటున్నాను, ఇట్లా, ఇట్లాగే. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఫోన్లో ఆయన ఏడిస్తే వినడం తప్ప, ఆయన సంతోషపడితే చూడటం నాకు ఈ మధ్య దొరకలేదు.

పడవ మీద ఎన్నిసార్లు చెప్పాను. ఖాదర్ భాయ్ కూడా చెప్పాడు. "పెద్దాయనా, ఒకే ఒక్క మాట గుర్తుంచుకో, మిగతావన్నీ మీవాడు చూసుకుంటాడు. ఊపిరి ఆపబాకు. అడుగున పీల్చిన గాలి పైకొచ్చే కొద్దీ లోపల ఉబ్బతాది. నువ్వు నోరు మూసుకున్నావనుకో, అది పోను దారి లేక గుండెకాయ పక్కన పగిలిపోతాది."

"సైకిలు ట్యూబులెక్క," అన్నాడు బాపు.

"అంతే. అట్టనే."

"సమజైంది తియ్యి."

సమజైంది. ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు, అర్థమయ్యే అన్నాడు. కానీ అర్థం కావడం తలలో ఉంటుంది, బావి ఒంట్లో ఉంటుంది. తిరిగి తాడు దగ్గరికి వచ్చాం. నేను ఆయన గాలి ఎంత మిగిలిందో చూడటానికి ముల్లు వైపు తల తిప్పాను, మణికట్టు వదిలాను. చూడటానికి ఎంతసేపు పడుతుంది? ఆయన వంగాడు. వంగి, ఇసుకలో చెయ్యి ముంచి, పిడికెడు పట్టుకున్నాడు. నాకు పిడికిలి ఎత్తి చూపించాడు. అద్దం వెనక ఆ నవ్వు, నా జన్మలో ఆయన ముఖాన అట్లాంటి నవ్వు చూడలేదు, ముప్పయ్యేళ్లు వెనక్కి పోయిన ముఖం. ఒక్క క్షణం నేనూ నవ్వాను. ఆ తర్వాత తెలిసింది. అడుగు మన్ను దొరికాక మా ఊరివాడు చేసే పని ఒక్కటే ఉంటుంది. ఆయన గుండె నిండా పీల్చాడు, బుగ్గలు బిగించాడు, రెండు కాళ్లతో అడుగును తన్ని, గట్టు మీది వాళ్లకు చూపించడానికి పైకి లేచాడు.

అందుకో. మోకాలు దొరికింది, జారింది, జాకెట్ పట్టీ దొరికింది. తేలడానికి ఆయన జాకెట్‌లో నింపిన గాలి తీసేసే తాడు లాగాను, నా జాకెట్‌లో గాలి తీశాను, అయినా పైకే పోతున్నాం, ఆయన కాళ్లు కొడుతున్నాడు, బలంగా, ఇరవై ఏళ్లు ఇనుము ఎత్తిన కాళ్లు. బుడగలు లేవు. ఒక్కటి లేదు. పైన వెలుతురు దగ్గరికి వస్తోంది, పడవ అడుగు కనిపిస్తోంది, ఆయన కళ్లు అక్కడే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. ముఖం ముందు చెయ్యి ఆడించాను, చూడలేదు. పెదవుల దగ్గర వేళ్లు విదిలించాను, చూడలేదు. ఊపిరి ఇడువు బాపూ, ఇడువు, గొంతులోంచి అరిచాను, నా బుడగల్లో ఆ అరుపు నాకే అర్థం కాలేదు. మా ఇంట్లో తండ్రి కాలు చాపుకుని కూర్చుంటే దాటిపోము, చుట్టూ తిరిగిపోతాం, పొరపాటున కాలు తగిలితే ముట్టి కళ్లకద్దుకుంటాం. కుడి చెయ్యి వెనక్కి లాగి, పక్కటెముకల కింద, పొట్టలో గుద్దాను. మెత్తగా తగిలింది, నీళ్లు చేతిని పట్టుకున్నాయి. ఇంకోసారి గుద్దాను. గట్టిగా. కడుపులో ఉన్నదంతా పెట్టి.

గుప్పున వచ్చింది. నోట్లోంచి, ముక్కులోంచి, అద్దం అంచుల్లోంచి, బుడగల గుంపు, తెల్లగా, మా ఇద్దరి ముఖాల మధ్య, ఏమీ కనపడకుండా. కాళ్లు ఆగాయి. నేను ఆయన్ని పట్టీలతో సహా ఒంటికి అదుముకుని లంగరు తాడు అందుకున్నాను. ఆగాం. బుడగలు తేలిపోయాక ఆయన కళ్లు కనిపించాయి. నన్ను చూస్తున్నాడు. గొట్టంలోంచి పీల్చాడు, వదిలాడు. పీల్చాడు, వదిలాడు. పిడికిలిలో ఇసుక లేదు, ఎప్పుడు జారిందో. నేను తండ్రిని కొట్టాను. రెండుసార్లు. ఆయన ఛాతీ మీద అరచెయ్యి పెట్టి చూశాను, నొప్పి ఉందా అని వేళ్లతో అడిగాను, తల అడ్డంగా ఊపాడు. దగ్గు లేదు, నోటి దగ్గర రక్తం లేదు, ఊపిరి సమంగా ఉంది, బతికాడు. బతికాడు కదా, చాలు. రెండు టికెట్లు తీస్తాను. రేపే తీస్తాను. ఖాదర్ భాయ్‌కి చెప్పేస్తాను, సిలిండర్లకు ఇంకెవరినో చూసుకోమని. చెయ్యెత్తిన కొడుకును ఏ తండ్రి ఇట్లాంటి చోట వదిలిపోతాడు? అనుకుంటూనే ఆయన బుడగలు చూస్తున్నాను, వదిలినప్పుడల్లా నేనూ వదులుతూ, మెల్లగా, తాడు వెంట పైకి.

బాపును పడవ ఎక్కించి కూర్చోబెట్టాం. మీసంలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. దూరంగా ఇంధనం కోసం వరస కట్టిన ఓడల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఖాదర్ భాయ్ తువ్వాలు భుజాల మీద కప్పి, నవ్వుతూ అడిగాడు.

"ఏం పెద్దాయనా, ఎట్టుండాది లోపల?"

"లోపల నా కొడుకు నన్ను గుద్దిండు."

ఖాదర్ భాయ్ నవ్వు ఆగింది. నా వైపు చూశాడు. నేను తల ఎత్తలేకపోయాను.

"కడుపుల గుద్దిండు," అన్నాడు బాపు. "మీరిద్దరు సెప్పంగ సెప్పంగ నేను ఊపిరి పట్టిన. పట్టుకొని మీదికి పోతుంటే గుద్ది ఇడిపిచ్చిండు." పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "మా తమ్ముడు బాయిల మునిగిననాడు నేను గట్టు మీద నిలవడ్డ. ఎంతసేపైనా రాకపాయె. వాడు హన్మాండ్లు తమ్ముడు, ఊపిరి మంచిగ పడ్తడు, అస్తడు తియ్యి అనుకుంట సూసిన. సూస్కుంటనే నిలవడ్డ. దూకేసరికి అయిపాయె."

మా ఇంట్లో ఈ మాట ఎవరికీ తెలియదు. అవ్వకు కూడా తెలియదు. బాపు దూకి తెచ్చాడనే అందరం చెప్పుకుంటాం.

"నీళ్లల్ల దిగెటోనికి గట్టు మీద మనిషి ఉంటే ఏం లాభం ఖాదరూ. పక్కకు ఉండాలె. వీడు పక్కకు ఉంటడు." మూతి తుడుచుకుని నా వైపు తిరిగాడు. "టికెట్టు నా ఒక్కనికే తియ్యి."

ఖాదర్ భాయ్ మొహం తిప్పుకుని లంగరు లాగడానికి పోయాడు. నేను బాపు ముందు కూర్చుని, ఆయన కాళ్లకున్న రబ్బరు రెక్కలు ఒక్కొక్కటే విప్పుతూ ఏడ్చాను, దాచుకోలేదు.